పసుపునకు మూడు సాక్ష్యములు

కర్నూలు నుండి కడపకు పోవు మార్గమున ఆళ్లగడ్డ దాటిన పిమ్మట చాగలమర్రి వచ్చును. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందూ నది. నంద్యాల జిల్లాలోని ఈ ప్రాంతమునకును, ఎల్లకు ఆవలనున్న దువ్వూరు, మైదుకూరు ప్రాంతములకును కర్నూలు–కడప కాలువ ప్రాణాధారము. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ వారు త్రవ్వించిన ఆ కాలువను 1882లో ప్రభుత్వము కొనినది. దాని నీటిపై పండు పంటలలో పసుపు ఒకటి.

తొలకరిలో నాటిన విత్తనపు కొమ్ము ఇంచుమించు తొమ్మిది నెలలు భూమిలో నుండును. త్రవ్వి తీసి, ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగు పెట్టిన గాని అది అంగడికి రాదు. ఇంత శ్రమతో పండిన ఈ దుంప గుణమును ఎవరు, ఏ సాక్ష్యముతో నిర్ణయించిరి? ఈ ప్రశ్నను శ్రోతల ముందుంచుచున్నాము.

మొదటిది ఇంటి సాక్ష్యము. తెగిన వ్రేలికి పసుపు నద్దుట మన ఇండ్లలో ఎవరును నేర్పనక్కరలేని విద్య. చరక, సుశ్రుత సంహితలు దీనినే హరిద్ర యని పేర్కొన్నవి.

రెండవది అచ్చుపడిన సాక్ష్యము. పసుపుతో గాయములు మాన్పు పద్ధతికి 1995లో అమెరికా ప్రభుత్వము మిసిసిపీ విశ్వవిద్యాలయమునకు పేటెంటు నొసగినది. పొందినవారు భారతీయ సంతతి శాస్త్రజ్ఞులే యగుట విశేషము. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి 1996లో ఆక్షేపణ తెలిపినది. అవ్వ చెప్పిన మాట అచట చెల్లదు. వ్రాతమూలకమైన ఆధారము కావలెను. మండలి వారు సంస్కృత, ఉర్దూ, హిందీ గ్రంథముల నుండియు, 1953 నాటి భారత వైద్య సంఘపు పత్రిక నుండియు ఆధారములు చూపిరి. 1997లో ఆ హక్కు రద్దయినది. ఇట్టి వివాదముల ఫలముగనే 2001లో సంప్రదాయ విజ్ఞానపు డిజిటల్ భాండాగారము రూపొందసాగినది.

మూడవది ప్రయోగశాల సాక్ష్యము. 1815లో వోగెల్, పెల్లెటియర్ అనువారు పసుపు నుండి రంగు పదార్థమును వేరుచేసిరి. అదియే కుర్కుమిన్. దాని అణు నిర్మాణము 1910లో తెలిసినది. ఎండు పసుపులో ఇది నూటికి సుమారు 3 పాళ్లు ఉండును. గాలి తగిలి నూనె ముక్కిపోవుట, ఇనుము త్రుప్పు పట్టుట ఆమ్లజని చేయు పనులు. శరీర కణములకును అట్టి హాని కలదు. పరీక్షనాళికలో కుర్కుమిన్ ఆ హానిని అడ్డగించును. దీనినే యాంటీ ఆక్సిడెంట్ గుణమందురు.

ఖనిజములును కలవు. 100 గ్రాముల పొడిలో పొటాషియం 2 గ్రాములు, ఇనుము 50 మిల్లీగ్రాములు ప్రాంతమున ఉండును. అయితే కూరలో మనము వేయునది చిటికెడు మాత్రమే. ఒక గ్రాము పసుపుతో లభించు ఇనుము అర మిల్లీగ్రామునకు మించదు. కావున రక్తహీనతకు పసుపును నమ్ముకొనుట తగదు.

మరియొక హద్దు కూడ కలదు. కుర్కుమిన్ ప్రేగుల నుండి రక్తములోనికి బహు స్వల్పముగా చేరును. మిరియములలోని పైపరిన్ తోడైనచో అది 20 రెట్లు హెచ్చుగా చేరునని 1998లో బెంగుళూరు పరిశోధకులు ప్రకటించిరి. జలుబు చేసినపుడు పసుపు పాలలో మిరియపు పొడి కలుపు మన ఆచారము ఇచట జ్ఞప్తికి వచ్చును. అయినను పరీక్షనాళికలో కనబడిన గుణము రోగిలో కుదిరినట్లు కాదు. కుర్కుమిన్ మందుగా పనిచేయునను దానికి గట్టి రుజువు లేదని 2017లో అమెరికా శాస్త్రజ్ఞులు సమీక్షించి చెప్పిరి.

రంగు హెచ్చుటకై పసుపునకు సీసపు క్రోమేటు పట్టించుచున్నారని 2019లో బంగ్లాదేశమున బయటపడినది. సీసము పసిపిల్లల మెదడునకు చేటు. కావున మితిమీరిన మెరుపును నాణ్యతగా ఎంచరాదు.

పేటెంటు వివాదమున మనలను కాపాడినది అనుభవము మాత్రమే కాదు, దానిని అచ్చువేసి యుంచిన కాగితము. చాగలమర్రి రైతులకును, మన గృహిణులకును తెలిసి, ఇంకను వ్రాతకెక్కని సంగతులు ఎన్నియో కలవు. ఇంట పెద్దలున్నవారు వానిని అడిగి వ్రాసి యుంచవలెనని మా మనవి.