పెరటి కోళ్ల పెంపకం

ఇంటి ఆవరణలోనో, దొడ్లోనో, పశువుల కొట్టం పక్కనో ఐదు నుంచి ముప్పై దాకా కోళ్లను గుడ్ల కోసం, మాంసం కోసం పెంచుకోవడాన్ని పెరటి కోళ్ల పెంపకం అంటారు. పగలంతా కోళ్లు ఆరుబయట తిరుగుతూ గింజలు, చెదలు, పురుగులు, లేత ఆకులు ఏరుకు తింటాయి. పొద్దుగూకే వేళకు గూటికి చేరతాయి. తెలుగు పల్లెల్లో ఇది తరతరాలుగా ఆడవాళ్ల చేతి మీద నడిచిన పని. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏ జాతి తేవాలా అని ఎక్కువగా మథనపడతారు. అయితే మంద నిలిచేదీ పోయేదీ జాతి వల్ల కాదు. పిల్లలకు తొలి ఆరు వారాల్లో అందిన వెచ్చదనం, టీకా, రాత్రి కాపుదలే దాన్ని తేలుస్తాయి.

రకాలు

నాటుకోడి ఏడాదికి సుమారు 50 నుంచి 60 గుడ్లు పెడుతుంది. పది పదిహేను గుడ్లు పెట్టగానే పొదుగుకొస్తుంది. పిల్లలు లేచాక వాటిని వెంట తిప్పుకుంటూ మళ్లీ గుడ్డు పెట్టడానికి రెండు మూడు నెలలు తీసుకుంటుంది. గుడ్ల లెక్కలో ఇది నష్టమే. కానీ కరెంటూ యంత్రమూ లేకుండా మందను తనంతట తాను పెంచే తల్లి అది. ఆంధ్ర ప్రాంతంలో పేరున్న అసీలు కోళ్లను రంగును బట్టి డేగ, కాకి, నెమలి అని పిలుస్తారు. అసీలు పుంజులు రెండింటిని ఒకే దొడ్లో వదిలితే కొట్టుకు చస్తాయి. పెట్టలు గుడ్లు తక్కువే పెట్టినా పొదగడంలో, పిల్లలను కాయడంలో వాటికి సాటి లేదు.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. 1988లో మొదలైన ఈ సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను రూపొందించింది. వనరాజా గుడ్లకూ మాంసానికీ పనికొస్తుంది, ఏడాదికి సుమారు 100 గుడ్లు పెడుతుంది. గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి. మంచి మేత అందితే దాదాపు 200 దాకా పెడుతుంది. నాటుకోళ్లలాగే వీటి ఈకలూ రంగురంగులవి కావడం వల్ల, తెల్ల కోళ్లంత తేలిగ్గా గద్ద కంటపడవు.

ఈ రకాలు తెచ్చేముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. ఇవి సాధారణంగా పొదగవు. వీటి గుడ్లను వేరే పెట్ట కింద పెట్టి పిల్లలను తీసినా వాటికి తల్లి గుణాలు పూర్తిగా రావు. కాబట్టి ప్రతి విడతకూ కొత్త పిల్లలను కొనుక్కోవాల్సిందే. నాటు పెట్టలు నాలుగు, గ్రామప్రియ నాలుగు ఉంచుకుంటే ఇంటికి గుడ్లూ ఉంటాయి, మందా తెగదు.

పొదగేయడం

కోడిగుడ్డు పొదగడానికి 21 రోజులు పడుతుంది. ఒక నాటు పెట్ట కింద 10 నుంచి 12 గుడ్లు సరిపోతాయి. అంతకు మించి పెడితే అంచున ఉన్నవి చల్లబడి మురిగిపోతాయి. పొదగేసే గుడ్లు వారం రోజుల లోపువై ఉండాలి, ఎండాకాలంలో అయితే మూడు నాలుగు రోజుల లోపువే. గంపలో ఎండుగడ్డి పరిచి, చీకటిగా, చీమలు రాని చోట పెడతారు. ఏడో రోజు రాత్రి గుడ్డును టార్చిలైటుకు అడ్డం పెట్టి చూస్తే, పిండం కట్టిన గుడ్డులో సాలెగూడులాంటి ఎర్రటి నరాలు కనిపిస్తాయి. తేటగా కనిపించేది గొడ్డు గుడ్డు, దాన్ని తీసేయాలి.

పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు తినడానికి పనికొస్తాయి, పిల్లలు మాత్రం రావు. పిల్లలు కావాలంటే ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు.

పొదుగుకొచ్చిన పెట్టను మాన్పించడానికి ముక్కులో ఈక గుచ్చడం కొన్ని చోట్ల ఇప్పటికీ ఉంది. ఇది హింస, పైగా అక్కర్లేనిది. అడుగున గడ్డి లేని, గాలాడే జాలీ పెట్టెలో మేతా నీళ్లూ ఇచ్చి నాలుగైదు రోజులు ఉంచితే పెట్ట దానంతటదే మానుకుంటుంది.

తొలి ఆరు వారాలు

తల్లి కోడి ఉంటే రెక్కల కిందే పిల్లలకు కావలసిన వేడి దొరుకుతుంది. హేచరీ నుంచి తెచ్చిన ఒక్కరోజు పిల్లలకు ఆ రెక్కలు మనమే కావాలి. నూగు మాత్రమే ఉన్న పిల్ల తన ఒంటి వేడిని నిలుపుకోలేదు. మొదటి వారం దాని వీపు ఎత్తులో 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఈకలు పూర్తిగా వచ్చేసరికి, అంటే నాలుగు నుంచి ఆరు వారాలకు, బయటి వేడి సరిపోతుంది. రోహిణి కార్తెలో మన దగ్గర పగటిపూట బల్బే అక్కర్లేదు. సంక్రాంతి చలిలో మాత్రం రాత్రి ఒక్క గంట కరెంటు పోయినా పిల్లలు ఒకదానిమీదొకటి ఎక్కి, అడుగునవి ఊపిరాడక చస్తాయి.

వేడికి పాతరకం ఫిలమెంట్ బల్బు వాడతారు. పిల్లకు రెండు వాట్ల లెక్కన 50 పిల్లలకు 100 వాట్ల బల్బు సరిపోతుంది. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుందే తప్ప వేడినివ్వదు. కొత్తవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే. కుంపటి పెట్టేవాళ్లు గది తలుపులు బిగించకూడదు, బొగ్గు పొగ పిల్లలనూ మనుషులనూ చంపుతుంది.

థర్మామీటర్ లేకున్నా పిల్లలను చూస్తే తెలుస్తుంది. బల్బు కింద ముద్దగా గుమికూడి గట్టిగా కూస్తుంటే చలి. అంచులకు పారిపోయి రెక్కలు జారవేసి నోరు తెరిస్తే వేడి ఎక్కువ. అంతటా పరుచుకుని, కొన్ని తింటూ కొన్ని కునికిపాట్లు పడుతూ ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఈ చూపు అలవడితే సగం పని వచ్చినట్టే.

కింద రెండు అంగుళాల మందాన వరి ఊక పోసి, మొదటి రెండు మూడు రోజులు పైన కాగితాలు పరుస్తారు. లేకపోతే పిల్లలు ఊకనే మేతనుకుని తింటాయి. చుట్టూ అట్టతోనో రేకుతోనో గుండ్రంగా కంచె కట్టాలి. మూలలుంటే పిల్లలు అక్కడ ఇరుక్కుంటాయి. రాగానే ముందు నీళ్లు తాగించాలి. కాచి చల్లార్చిన నీళ్లలో కాస్త బెల్లం కలిపి, ఒక్కో పిల్ల ముక్కు తడిపితే తాగడం నేర్చుకుంటుంది. పళ్లెం లోతుగా ఉంటే గులకరాళ్లు వేయాలి, పడి మునిగిపోకుండా. ఆ తర్వాత మొక్కజొన్న నూక, మర్నాటి నుంచి చిక్ స్టార్టర్ దాణా. ఉత్త నూకల మీద పెరిగిన పిల్ల మాంసకృత్తులు చాలక ఎదగదు. దాణాలో వాటి పాళ్లు 20 శాతం దాకా ఉండాలి.

తెగుళ్లు, టీకాలు

పెరటి కోళ్లకు పెద్ద శత్రువు కొక్కెర తెగులు. ఇంగ్లండ్‌లో 1926లో బయటపడిన న్యూకాజిల్ వ్యాధి ఇదే. ఉత్తరాఖండ్‌లోని రాణీఖేత్ పేరు మీద మన దేశంలో రాణీఖేత్ వ్యాధి అంటారు. కోడి తూగుతుంది, పచ్చగా తెల్లగా పారుకుంటుంది, గురక పెడుతుంది. కొన్ని మెడ తిప్పేస్తాయి. ఊళ్లోకి వచ్చిందంటే వారంలో గంపలు ఖాళీ అవుతాయి. దీనికి మందు లేదు, టీకా ఒక్కటే దారి. 5 నుంచి 7 రోజుల మధ్య లసోటా టీకా కంట్లో ఒక చుక్క వేయాలి. రెండో వారంలో గంబోరో వ్యాధికి టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరో వారంలో మశూచికి టీకా, 8 నుంచి 10 వారాల మధ్య కొక్కెరకే ఆర్‌2బీ సూది. టీకా సీసా ఐసులోనే ఇంటికి రావాలి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. జబ్బుపడ్డ కోడికి టీకా వేయకూడదు.

రక్తపారుడు తడిసిన ఊకలో పెరిగే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. మూడు నుంచి ఆరు వారాల పిల్లల్లో ఎక్కువ. ఊకను రోజూ కలియబెట్టి, తడిసిన చోట తీసి కొత్తది పోస్తే చాలావరకు రాదు. బయట తిరిగే కోళ్లకు రెండు మూడు నెలలకోసారి నట్టల మందు తాగించాలి.

బర్డ్ ఫ్లూ అరుదే గానీ తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బయటపడింది. కోళ్లు ఒక్కసారిగా పెద్ద సంఖ్యలో చనిపోతే కోసుకు తినడం, అమ్మేయడం, కాలువలో పారేయడం మానుకుని పశువైద్యశాలకు కబురు పెట్టాలి.

గూడు, మేత

పెద్ద కోడికి రాత్రి గూట్లో రెండు చదరపు అడుగుల చోటు కావాలి. గూడు నేలకు ఎత్తుగా, గాలి ఆడేలా, కూర్చోవడానికి అడ్డకర్రలతో ఉండాలి. పగలు గద్ద, ముంగిస, రాత్రి పిల్లి, పాము వస్తాయి. ముంగిస దూరేది మనం పట్టించుకోని చిన్న సందుల్లోంచే కాబట్టి జాలీ సన్నదిగా ఉండాలి.

తిరిగి తినే కోడికి సాయంత్రం పిడికెడు గింజలో, తవుడు కలిపిన నూకలో ఇస్తే గూటికి రావడం అలవాటవుతుంది. గుడ్లు పెట్టే పెట్టకు సున్నం చాలకపోతే పెంకు తోలులా మెత్తబడుతుంది. గుల్లల పొడి గానీ, వేయించి నలిపిన గుడ్డు పెంకులు గానీ కలపాలి. మండు వేసవిలో మధ్యాహ్నం మేత పెట్టకుండా చల్లని నీళ్లు, నీడ చూడాలి.

చివరగా మళ్లీ టీకా మాట. టీకా సీసాల్లో సాధారణంగా 100 డోసులు, అంతకు పైనే ఉంటాయి. పది కోళ్ల కోసం ఎవరు కొంటారులే అని ఊరుకోవడం వల్లే ఊళ్లకు ఊళ్లు కోళ్లను పోగొట్టుకుంటున్నాయి. వీధిలో నాలుగిళ్లవాళ్లు మాట్లాడుకుని, ఒకే సీసా తెప్పించి, ఒకే రోజు అన్ని కోళ్లకూ వేయించండి.