ఒక్కటిగా ఉన్నాం, సమానంగా ఉన్నామా?

మన సభల్లో "ఆదివాసులమంతా ఒక్కటే" అని గొంతెత్తి నినదిస్తాం. మంచి మాటే. అయితే ఒక్కటిగా ఉండటం, సమానంగా ఉండటం ఒకటేనా? మన ఉమ్మడి ఆదిలాబాద్ చరిత్రలోనే దీనికి జవాబు వెతుకుదాం.

వెనకటి రోజుల్లో మన గూడేలు ఒకరి అవసరం ఒకరు తీర్చుకుంటూ బతికాయి. గోండుల వంశగాథలను కిక్రి వాయిస్తూ పాడి తరతరాలకు అందించింది ప్రధాన్లు, తోటీలు. అడవి దేవతల పూజకు గోండు గూడేలు కోలాం పూజారిని పిలిచేవి. కేస్లాపూర్ నాగోబా జాతరకు కుండలు నేటికీ సిరికొండ కుమ్మరులే చేసిస్తారు. ఇంత బంధం ఉన్నా, ప్రధాన్లు వండిన అన్నం గోండులు తినని ఆచారమూ ఉండేది. గాథ చెప్పడానికి కావలసిన మనిషి పంక్తిలోకి మాత్రం కాకుండా పోయాడు. ఇదీ మన చరిత్రే, దాచుకోవద్దు.

నిజాం కాలంలో అడవులను రిజర్వు చేశారు. బయటి నుంచి వచ్చినవారు కాగితాలతో, అప్పు పత్రాలతో భూములు రాయించుకున్నారు. చదువురాని మనవాళ్లు దున్నిన చేలు కూడా పోగొట్టుకున్నారు. కొండవాలుల్లో పోడు చేసుకునే కోలాములకు స్థిరమైన చేలు లేక దెబ్బ మరీ గట్టిగా తగిలింది. ఆ కడుపుమంటే కుమురం భీం పోరాటమైంది. 1940లో ఆయన జోడేఘాట్‌లో అమరుడయ్యాడు.

ఆ తర్వాతే ప్రభుత్వం కళ్లు తెరిచింది. ఇక్కడి పరిస్థితులు తెలుసుకునే పని మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. భూమి లేనివారికి పట్టాలు ఇప్పించే పని మొదలైంది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. గోండి వాచకాలు వచ్చాయి, మన యువకులే పంతుళ్లయ్యారు. టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చిన మాలాంటివారికి అసలు పునాది అక్కడే పడింది.

కానీ ఇచ్చిన భూమి నిలవలేదు. 1959 భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో 1/70 సవరణతో వాటిని కట్టుదిట్టం చేశారు. చట్టం ఉన్నా భూములు పోతూనే వచ్చాయి. చివరికి 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మన రక్తం చిందింది. భాషలు వేరైనందుకు, దేవుళ్లు వేరైనందుకు ఈ గొడవలు రాలేదు. భూమి, చదువు ఒకవైపే పోగుపడటం వల్ల వచ్చాయి.

బయటివారిని ప్రశ్నించే మనం మన ఇంట్లోకీ చూసుకోవాలి. కోలాములను, తోటీలను ప్రభుత్వం నేటికీ మరీ వెనుకబడిన పీవీటీజీ సమూహాలుగానే లెక్కిస్తోంది. మా హాస్టళ్లలో కోలామీ మాట్లాడే పిల్లలు మొదటి నెలల్లో వెనక వరుసలో మౌనంగా కూర్చుంటారు. తోటి పిల్లలు వాళ్ల యాసను వెక్కిరిస్తే, పండగకు ఇంటికెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రారు. ఆ వెక్కిరించేదీ ఆదివాసీ పిల్లలే. "అంతా ఒక్కటే" అన్న నినాదం అక్కడే ఓడిపోతోంది.

అందుకే డిగ్రీలు చేసిన తమ్ముళ్లు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇదే. 2006 అటవీ హక్కుల చట్టం సాగుభూమితో పాటు పీవీటీజీలకు ఆవాస ప్రాంతంపై ప్రత్యేక హక్కు కూడా ఇచ్చింది. మీ పక్క కోలాం గూడేనికి వెళ్లి ఎవరికి పట్టా ఉందో, ఎవరికి లేదో అడగండి. గ్రామసభకు అర్జీ మీరు రాసిపెట్టండి. సంఘం కమిటీ వేసేటప్పుడు కిక్రి వాయించే తోటి అన్నను వేదిక మీద పాటకే కాదు, కమిటీలో పదవికీ పిలవండి. హాస్టల్లో మీ చెల్లెలి పక్కన కోలామీ మాట్లాడే పాప ఉంటే, ఆమె దగ్గర నాలుగు మాటలు నేర్చుకోమని చెప్పండి.

భీం అడిగింది మన అందరి వాటా. ఆ వాటా చివరి గూడెం దాకా చేరేలా చూడటం మన తరం పని.

జై ఆదివాసీ!