డకోటా పుట్టిన ఊరిలో చప్పుడు తగవు

మన తాతల కాలంలో బేగంపేట నుంచి దక్కన్ ఎయిర్‌వేస్ వారు నడిపిన డకోటా విమానం పుట్టిల్లు ఈ దేశమే. కాలిఫోర్నియాలో శాంటా మోనికా విమానాశ్రయం, ఆనాటి పేరు క్లోవర్ ఫీల్డు. డగ్లస్ వారి డి.సి.-3 మొట్టమొదట 1935 డిసెంబరు 17న అక్కడే గాలిలోకి లేచింది. ఆ కర్మాగారపు పనివారికోసం పక్కనే ఇళ్ళు వెలిశాయి. చిత్రమేమంటే, జెట్లు వచ్చాక చెవులు చిల్లులు పడుతున్నాయని మొరపెట్టుకున్నవీ ఆ పేటలే. విమానాశ్రయమే ముందు వచ్చింది గదా అనేవారున్నారు. నిజమే, కాని జెట్టు ముందు రాలేదని మేమంటాము.

ఊరి మాట చెల్లుతుందా? అక్కడికి దగ్గరే ఉన్న బర్బ్యాంకు నగరం, లాక్‌హీడ్ వారి విమానాశ్రయం నుంచి రాత్రి 11 మొదలు ఉదయం 7 దాకా జెట్లు లేవరాదని శాసనం చేస్తే, 1973లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో కొట్టివేసింది. విమానాల చప్పుడు కేంద్రప్రభుత్వపు వ్యవహారమన్నది. శాంటా మోనికా సంగతి వేరు. అక్కడ విమానాశ్రయానికి నగరమే సొంతదారు. అందుకే 1979లో కోర్టు జెట్ల నిషేధాన్ని తోసిపుచ్చినా, చప్పుడుకు నగరం పెట్టిన హద్దును నిలబెట్టింది. 2017 ఒప్పందంతో రన్‌వేను 4,973 అడుగుల నుంచి 3,500కు కుదించారు. 2028 డిసెంబరు 31 దాటాక విమానాశ్రయాన్ని మూసివేసే హక్కు కూడా నగరానికి దక్కింది.