ఉప్పునీళ్లు పోస్తేనే మొలిచింది

తిరుమలగిరి చెలకల్లో తొలకరి పడగానే గుప్పుమనే మట్టివాసన జియోస్మిన్‌ది. దాన్ని తయారుచేసేది ఎక్కువగా ఆక్టినోమైసీట్లనే బ్యాక్టీరియా. క్షయను లొంగదీసిన స్ట్రెప్టోమైసిన్ 1943లో ఆ బ్యాక్టీరియా నుంచే వచ్చింది. మన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ కంపెనీలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను తీసిందీ మట్టిలోంచే. 1948లో అది లోకానికి తెలిసింది.

తర్వాత దశాబ్దాల తరబడి కంపెనీలు కొత్త మందుల కోసం మట్టిని జల్లెడ పట్టాయి. పోనుపోను దొరికిందే మళ్లీ దొరకసాగింది. సముద్రం అడుగున ఆక్టినోమైసీట్లు కనబడ్డా, నేలమీంచి కొట్టుకొచ్చినవేలెమ్మని చాలామంది కొట్టిపారేశారు.

అమెరికాలోని స్క్రిప్స్ సంస్థకు చెందిన విలియం ఫెనికల్, పాల్ జెన్సెన్ ఆ మాట నమ్మలేదు. 1989లో బహమాస్ దీవుల దగ్గర సముద్రపు అడుగుమట్టి తీశారు. దాన్ని ఆరబెట్టి, వేడి తగిలిస్తే చాలా బ్యాక్టీరియా చస్తుంది, గట్టి బీజాలు మిగులుతాయి. వాటిని సముద్రపునీళ్లు కలిపిన అగర్ అనే జెల్లీ మీద చల్లి వారాల తరబడి ఆగితే నారింజరంగు చుక్కలు లేస్తాయి. ముదిరేకొద్దీ నల్లబడతాయి. మంచినీళ్ల అగర్ మీద మాత్రం మొలవవు. నేలమీంచి వచ్చినవే అయితే మంచినీళ్లలో బతకాలి కదా! అవి అచ్చంగా సముద్రానివే. వాటికి సాలినిస్పోరా అని పేరు పెట్టారు.

2003లో ఫెనికల్ బృందం వాటి నుంచి సాలినోస్పోరమైడ్-ఎ అనే పదార్థాన్ని వేరుచేసింది. కణంలో అక్కర్లేని ప్రొటీన్లను ముక్కలు చేసే యంత్రాంగం ప్రొటియాసోమ్. ఈ పదార్థం దానికి అతుక్కోగానే ఇందులోని ఒక్క క్లోరిన్ పరమాణువు ఊడిపోతుంది. లోపల గడియ పడ్డట్టు, ఇక అది విడివడదు. చెత్త పేరుకుని క్యాన్సర్ కణం చస్తుంది. ఆ క్లోరిన్ సముద్రపు ఉప్పులోదే.

మరుసటి ఏడాదే హార్వర్డ్‌లో నోబెల్ గ్రహీత ఇ.జె. కోరీ దాన్ని ల్యాబ్‌లో తయారుచేశారు. ఆ పత్రంలో ఆయనతోపాటు ఎల్. రాజేందర్ రెడ్డి, పి. శరవణన్ పేర్లున్నాయి. 2006లో మారిజోమిబ్ పేరుతో రోగులపై పరీక్షలు మొదలయ్యాయి. మెదడు క్యాన్సర్‌పై జరిగిన పెద్ద పరీక్షలో మాత్రం రోగుల ఆయుష్షు పెరగలేదు.

మందు సంగతి అలా ఉన్నా, దారి పడింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులూ బంగాళాఖాతం అడుగుమట్టి నుంచి ఆక్టినోమైసీట్లను వేరుచేశారు. ఏ తీరపు మట్టి తెచ్చినా ముందు చేయాల్సింది ఒకటే: మంచినీళ్ల ప్లేటు పక్కన ఉప్పునీళ్ల ప్లేటు కూడా పెట్టి, ఓపికపట్టడం.