పూర్వవిద్యార్థులును వసతిగృహములును

కుందుర్పి కొండకోటను జూడబోవువారు సాధారణముగా పాళెగాండ్ర కథలనే విందురు. రాయదుర్గము నేలిన కోనేటినాయకుని వంశమునకును ఈ దుర్గమునకును గల సంబంధము చరిత్రకారు లెరిగినదే. కాని కోటగోడలకంటె ఈ సీమ చరిత్రమును మిక్కిలిగా నిర్ణయించినది వాన. అనంతపురమండలమున సాలుకు సగటున గురియు వర్షము 550 మిల్లీమీటర్ల ప్రాంతము. అందును అదనున గురియునది తక్కువ. నైరృతిమేఘముల బలము పడమటి కనుమలయొద్దనే చాలవరకు వ్యయమగును. ఈశాన్యమేఘములు తూర్పుతీరమును దడిపి మిగిలినదానితో నిచటికి వచ్చును. రాగి, కొర్ర, జొన్న, పిమ్మట వచ్చిన వేరుసెనగ, అన్నియు నాకాశమువంక జూచు పైరులే. ఇట్టి సీమలో కుమారుని పట్టణమునకు బంపి చదివించుట యనగా జీతము గట్టుట మాత్రము గాదు, ఏడాదిపొడవున రెండుపూటల నన్నము పెట్టించుట. పంట పోయినయేడు చదువు తెగిపోవునది తరగతిగదిలో గాదు, భోజనశాలలో. కావున విద్యాచరిత్రము వ్రాయువారు కళాశాలలను లెక్కించి వసతిగృహములను విడిచిపెట్టుట చిన్న లోపము గాదు.

అనంతపురమున దత్తమండలముల కళాశాల 1916లో స్థాపింపబడెను. అంతకుబూర్వ మీ మెరకసీమవారు ఉన్నతవిద్యకై మదరాసు మొదలగు దూరపట్టణములకు బోవలసినవారు. సర్వేపల్లి రాధాకృష్ణపండితు డా కళాశాలలో గొంతకాలము బోధించెను. నీలం సంజీవరెడ్డి యందు జదివెను. ఇరువురును పిదప భారతరాష్ట్రపతు లైరి. ఈ సంగతి యందరును జెప్పుకొందురు. ఆ కాలపు బాలు రెచట బరుండిరి, ఎవరియింట దినిరి యను ప్రశ్నమును మాత్ర మడుగువా రరుదు.

వసతిగృహములకు ముందు తెలుగుదేశమున బేదవిద్యార్థికి బ్రదుకుతెరువు వారములు. సోమవార మొకయింట, మంగళవార మొకయింట, ఇట్లేడిండ్ల యన్నముతో జదువు సాగెడిది. ఆ ఋణము విద్యార్థు లెన్నడును మరచెడివారు కారు. ఉద్యోగస్థులైన పిమ్మట వారమిచ్చిన తల్లికి జీర పెట్టుట, ఆ యింటి పిల్లవానిని దమయింట నుంచుకొని చదివించుట పలుకుటుంబముల వాడుక. కాని యీ యాచారము చాలవరకు బ్రాహ్మణవిద్యార్థులకే పరిమితము. కాపుబిడ్డకుగాని, బోయబిడ్డకుగాని, మాదిగబిడ్డకుగాని వారమిచ్చు నిల్లు లేదు. ఇదియు గాక యా ఋణము ఇంటికి ఇల్లు తీర్చుకొనునదియే గాని యొక సంస్థగా బరిణమింపలేదు.

సంస్థగా బరిణమించిన ఋణమునకు బ్రాచీనోదాహరణము కావలెనన్న గుంటూరుసీమలోని మల్కాపురశాసనమును జూడవలెను. శ. స. 1183, అనగా క్రీ. శ. 1261లో, కాకతి రుద్రమదేవికాలమున బుట్టిన యీ శాసనము గోళకీమఠాచార్యుడగు విశ్వేశ్వరశంభువు నెలకొల్పిన ధర్మములను వర్ణించును. విశ్వేశ్వరశంభువు గణపతిదేవునకు దీక్షాగురువు. శిష్యుడగు రాజు గురువునకు మందడగ్రామము నొసగగా, అతని కూతు రా దానమును వెలగపూడితో గూడ స్థిరపరచెను. ఆలయము, విద్యామండపము, అన్నసత్రము, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, వీనియన్నిటికిని వృత్తు లేర్పడెను. సత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు నందరికి నన్నము పెట్టవలెనను నియమము ఈ శాసనమున ముఖ్యముగా గమనింపదగినది. గోళకీమఠము పుట్టినది చేదిదేశమున. దాని శిష్యపరంపర త్రిపురాంతకము, శ్రీశైలము, పుష్పగిరివఱకు వ్యాపించెను. చదివినవాడు మఠమును విడిచి పోయినను మఠసంతానమువాడనియే చెప్పుకొనెడివాడు. పూర్వవిద్యార్థి యను మాట యప్పటికి లేదు గాని వస్తువు గలదు.

ఆధునికకాలమున నీ భావము తెలుగువారిలో మిక్కిలి బలముగా గానవచ్చునది హైదరాబాదు రెడ్డి హాస్టలునందు. ఇది 1918లో నేర్పడెను. ఆ సంవత్సరముననే ఉస్మానియా విశ్వవిద్యాలయమును స్థాపింపబడెను. ఈ రెండు సంగతులను గలిపి చదువవలెను. నైజాము రాజ్యమున నున్నతవిద్య రాజధానిలో ఉర్దూభాషద్వారమున లభించెడిది. పాలమూరు, నల్లగొండ, ఓరుగల్లు సీమల తెలుగుబాలునకు పట్టణము, భాష, ఆహారము అన్నియు గ్రొత్తవి. స్థాపకుడు రాజబహద్దరు వెంకటరామారెడ్డి. ఆయన 1869లో వనపర్తిసీమలో జనించి, పోలీసుకొలువున జేరి, 1920 మొదలు 1934వఱకు హైదరాబాదునగరపు కొత్వాలుగా నుండెను. సంస్థానాధిపతులను, దేశముఖులను గలసి విరాళములు గూర్చుట యాయన పలుకుబడికే సాధ్యమైన పని. కొత్వాలు అడిగినప్పుడు లేదనుట కెవరికి ధైర్యముండును అని యెవరైన ననవచ్చును; ఆ మాటలో గొంత నిజము లేకపోలేదు. కాని భయముచే నిచ్చిన ధన మొకసారి వచ్చును, సంవత్సరము సంవత్సరమును రాదు. హాస్టలు నిలిచినది పిదప నందు బెరిగినవారి యభిమానముచేత.

ఆ యభిమానమునకు బునాది వేసినవారిలో సురవరము ప్రతాపరెడ్డి ముఖ్యుడు. ఆయన కొన్ని సంవత్సరము లచట నిర్వాహకుడుగా నుండి గ్రంథాలయమును బెంచెను. గోలకొండపత్రికాసంపాదకుడు, 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ ఆంధ్రమహాసభ కధ్యక్షుడు, 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు గర్త, ఈ మువ్వురును ఒక్కరే యని పండితుల కెరుక. తెలంగాణమున గవులే లేరను నపవాదమును ద్రోయుటకై 1934లో ఆయన ప్రకటించిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులు గలరు. ఇట్టివా డొక వసతిగృహమున గూరలలెక్క, కిరోసినులెక్క జూచుచు బాలురతోడ గూడియుండెననుట యా గృహపు విలువను దెలుపును. గదిలో నిదురించుటకు మాత్రమే చోటిచ్చిన యిల్లు మరపునకు వచ్చును. పుస్తకమును, పత్రికను, వాదప్రతివాదములను నిచ్చిన యిల్లు మరపునకు రాదు.

ఇందు వింతయైన సంగతి యొకటి గలదు. రాజ్యపు పోలీసు నధికారి స్థాపించిన యా గృహమున బెరిగిన బాలురలో రాజ్యమునే యెదిరించినవారు పుట్టిరి. రావి నారాయణరెడ్డి యచటి విద్యార్థి. 1941లో చిలుకూరు ఆంధ్రమహాసభ కధ్యక్షుడై, పిమ్మట సాయుధపోరాటనాయకుడై, 1952 ఎన్నికలలో నల్లగొండనుండి దేశముననే యెక్కువ వోట్లతో గెలిచెను. గృహమునందలి భక్తి స్థాపకుని రాజకీయమునందలి భక్తి గాదని యిందువలన స్పష్టము. పూర్వవిద్యార్థుల యనురాగము సిద్ధాంతములకంటె దీర్ఘాయువు గలది.

అమెరికాదేశపు కళాశాలలలో సోదరసంఘములను పేర నిట్టి బంధమే పెరిగినది. వీనిలో మొదటిదగు ఫై బీటా కప్పా 1776లో బుట్టెను. మిషిగను విశ్వవిద్యాలయమున కై సై సంఘమువారు 1846లో గట్టుకొన్న దుంగలయిల్లు సంఘగృహములలో మొదటిదని యెన్నబడుచున్నది. పిమ్మట పలుచోట్ల గృహముయొక్క యాస్తి చదువుచున్న బాలురపేర గాక, చదివి వెళ్లినవారు చేరి యేర్పరచిన మండలిపేర నుండు పద్ధతి స్థిరపడెను. బాలుడు నాలుగేండ్లలో వెడలును. పైకప్పు నలువదియేండ్లు నిలువవలెను. ఈ వ్యత్యాసమును దీర్చుటకే యా యేర్పాటు. అచటను కులీనతాగర్వము, జాతిభేదము చిరకాల మా గృహముల ద్వారములయొద్ద గాపుగాసినవి. మనదేశపు గులపు హాస్టళ్ల నాక్షేపించువారు దీనిని గూడ నెరుగవలెను. ఆక్షేపణ మాత్రము మానవలసిన పనిలేదు.

ఏలయన రెడ్డి హాస్టలు పేరే దాని మేరను జెప్పును. ఆ మార్గమున నితరకులములవారును హైదరాబాదున దమతమ గృహములు గట్టుకొనిరి. ఒకరి జూచి యొకరు విద్యకు ధనము వెచ్చించుట మేలే. కాని ధనవంతులులేని కులమునకు గృహము లేదు. మల్కాపురపు సత్రమున నాచండాలము పెట్టిన యన్నము ఏడువందలయేండ్లకు గులపుగిన్నెలలో విభక్తమైనది.

కుందుర్పికి సరిహద్దు కావలనే వేరొక దృష్టాంతము గలదు. తెలుగు మాట్లాడువారు పెక్కురు గల పావగడ తాలూకా తుమకూరుమండలములోనిది. ఆ మండలమునందే సిద్ధగంగామఠము. 1907లో జనించి 2019లో శివైక్యమందిన శివకుమారస్వామి కాలమున నా మఠమున వేలకొలది బాలురకు గులమతభేదము లేక యన్నమును వసతియు లభించెను. మఠము వీరశైవులది, పంక్తి యందరిది. పల్లెలరైతులు తెచ్చి పోసిన రాగులతోను, చదివి వెళ్లినవారు పంపిన కాన్కలతోను నా వంటశాల సాగినది. అదే వర్షము, అదే నేల. కావున కరవు మాత్రమే ప్రతిబంధకమని చెప్పుటకు వీలులేదు.

విదేశములందలి తెలుగువా రీ ఋణమును వేరొకతీరున దీర్చుచున్నారు. 1946లో స్థాపితమైన గుంటూరు వైద్యకళాశాలలో జదివి యుత్తర అమెరికాలో స్థిరపడినవారు జింకానా యను సంఘముగా నేర్పడి, తాము వైద్యము నేర్చిన గుంటూరు ప్రభుత్వాసుపత్రికి భవననిర్మాణమునకై ధనమిచ్చిరి. ఇది కళాశాలాభక్తి. వైద్యుడు తన పేరుప్రక్క గళాశాల పేరు వ్రాసికొనును. తాను దిన్న భోజనశాల పేరు వ్రాసికొనడు.

కల్యాణదుర్గము, రాయదుర్గము, మడకశిర సీమల బిడ్డలలో బెక్కుమంది స్వాతంత్ర్యానంతరము చదివినది ప్రభుత్వపు సాంఘికసంక్షేమ వసతిగృహములలో. సర్కారుసొమ్ముతో నడచు నింటికి ఋణపడితిమను తలంపు మనుష్యులకు సులభముగా గలుగదు. బదిలీపై వచ్చి పోవు వార్డెనుకు బాలుర పేరులు గుర్తుండవు. అయినను వలసపోయిన తలిదండ్రుల బిడ్డలకు గరవుయేట నన్నము పెట్టినది ఆ గృహములే. రెడ్డి హాస్టలు స్థాపకుని జీవితచరిత్రమును 1939లో బ్రతాపరెడ్డి వ్రాసెను గనుకనే యా గృహపు తొలినాళ్ల వృత్తాంతము మనకు నిలిచినది. తాలూకా పట్టణములందలి సర్కారు వసతిగృహముల పేరులపట్టీలు, బియ్యపులెక్కలు, బాలురు విడిచి వెళ్లిన తేదీలు ఆ కచేరీల బీరువాలలో జెదలపాలగుచున్నవి. ఏయే కరవుయేట నెందరు బాలురు చేరిరో, ఎందరు నిలిచిరో ఆ పట్టీలే చెప్పవలెను.