స్వర్ణముఖీప్రవాహమును మన మీనసంపదయు



మన వృత్తిచరిత్రము వ్రాయబూనువారు వలలను గూర్చియు, పడవలను గూర్చియు, పన్నులను గూర్చియు విస్తరించి వ్రాయుదురు. ఏటికి నీ రెప్పుడు వచ్చెను, ఎన్నినాళ్లు నిలిచెను అను సంగతి వ్రాయువా రరుదు. చేపకు నీటి పరిమాణ మెంత ముఖ్యమో, అది వచ్చు వేళయు నంత ముఖ్యము. మన జిల్లాచరిత్రమే యిందులకు సాక్ష్యము.

స్వర్ణముఖి చంద్రగిరిప్రాంతపు కొండలలో బుట్టి, తిరుచానూరు, శ్రీకాళహస్తి క్షేత్రముల నొరసికొని, నాయుడుపేట మీదుగా సాగి సముద్రము జేరుచున్నది. ఇది జీవనది గాదు. ఏడాదిలో పెక్కునెలలు ఇసుకయే కానవచ్చును. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు గాలివానలు కురిసినపుడే పొంగును. ఇట్టి యేటిలో చేప యెట్లు బ్రదికెనని యడుగవచ్చును. కొఱ్ఱమీను గాలి పీల్చి బ్రదుకగలదు. మడుగు బురదయైనను కొంతకాల మోర్చును. అన్ని చేపలకు నా శక్తి లేదు. అవి లోతుమడుగులలో దాగి వఱదకై వేచియుండును.

వఱద యెంత యవసరమో బొచ్చెచేప తెలుపును. చెఱువులో నెంత బలిసినను అది తనంతట గ్రుడ్లు పెట్టదు. పాఱు నీరు దానికి గావలయును. 1957 వ సంవత్సరమున హీరాలాల్ చౌధురిగారు ఒడిస్సాలోని అంగుల్ నందు గ్రంథిరసమును సూదిమందుగా నిచ్చి పెంపుడుచేపలచే గ్రుడ్లు పెట్టించిరి. అంతవఱకు చెఱువులలో విడుచు పిల్లల కొఱకు జనులు నదుల వఱదనే నమ్మియుండిరి.

ఆనకట్టలు చేపదారిని మూయునన్న మాట క్రొత్తది గాదు. ధవళేశ్వరపు టానకట్ట 1852 లో ముగిసెను. ఇరువది యేండ్లు దాటిన పిదప, 1873 లో, ఫ్రాన్సిస్ డే దొర మంచినీటి చేపలపై నొసగిన నివేదికలో నిట్టి కట్టల వలని కీడును జెప్పెను. 1897 నాటి మత్స్యచట్టము మందుగుండును, విషమును నిషేధించెను గాని, నదిలో నెంత నీరు విడువవలెనో చెప్పలేదు. ఆ లోపమునకు మనము నేటికిని మూల్యము చెల్లించుచున్నామని నా యభిప్రాయము.

స్వర్ణముఖి యుపనదియగు కల్యాణిపై 1977 లో ఆనకట్ట వెలసెను. తిరుపతికిని తిరుమలకును అది దాహము దీర్చుచున్నది. దానిని నిందించుట కృతఘ్నత. కాని చిన్నవానల నీరు కట్టవెనుక నిలిచిపోయి, 2021 నవంబరు వంటి మహావఱద మాత్రమే క్రిందికి వచ్చునెడల, ఊళ్లకు నష్టము, చేపకు లాభము లేదు.

ఇక పులికాటు. 2022 ఏప్రిలులో తిరుపతి జిల్లా యేర్పడినప్పుడు సూళ్లూరుపేట యందులో జేరెను గాన, ఆ సరస్సులోని యధికభాగము మన జిల్లాదే. భారతదేశమున నుప్పునీటి సరస్సులలో చిల్కా తరువాత నిదియే పెద్దది. కాళంగి, ఆరణి నదుల మంచినీ రిందులో బడును. వానకాలమున ఆ నీరు లోపలినుండి త్రోయగా, సముద్రపు ముఖద్వారములలోని యిసుకమేట తెగును. కత్తిపరిగయు రొయ్యయు కడలిలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఆ ద్వారమున లోనికి వచ్చి పెరుగును. నది తగ్గినచో ద్వారము పూడును. వేసవిలో లోపలి నీరు కడలికన్న నుప్పన యగును, ఉత్తరపుభాగ మెండి బయలగును.

సరస్సు దక్షిణభాగమున 'పాడు' అను కట్టుబాటు కలదు. ఎవ రెప్పు డెచ్చట వల వేయవలెనో వంతులు పంచుకొందురు. పెద్దలు తగవు లేకుండ నీటిని పంచిన తీరు మెచ్చదగినది. కాని వంతు వచ్చినవానికి వలలో రొయ్య పడుటకు ముఖద్వారము తెరచియుండవలెను గదా!

రాయదొరువు ద్వారమును త్రవ్వింపవలెనని చిరకాలముగా కోరుచున్నారు. త్రవ్వుట మంచిదే. అయినను లోపలినుండి త్రోయు నీరు లేకున్న, కడలి తెచ్చిన యిసుక మరల నచ్చటనే మేట వేయును. కావున ఈ మహాసభ పంపు విన్నపములో ద్వారముతోబాటు కాళంగి, ఆరణుల నుండి కార్తికమాసమున విడువవలసిన నీటిని గూర్చియు నొక వాక్యము చేర్చవలెనని కార్యదర్శులను ప్రార్థించుచున్నాను.