లెక్కల పోటీ ఏ భాషలో?

ఈ సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము కోటల గురించో, నవాబుల గురించో వ్రాస్తామని అనుకొనియుంటారు. మేము ఉర్దూ మీడియం బడిలో లెక్కలు చెప్పేవాళ్లము. మాకు కాస్తో కూస్తో తెలిసిన చరిత్ర లెక్కల పోటీల చరిత్రే. సభ్యుల ఇళ్లలో ఇప్పుడు ఉర్దూ చదివేవారికంటే తెలుగు చదివేవారే ఎక్కువ కాబట్టి తెలుగులోనే వ్రాస్తున్నాము. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ముందు ఒక చిన్న సంగతి. కొన్నేళ్ల క్రితం మా తొమ్మిదో తరగతి అమ్మాయిని ఒక లెక్కల పోటీకి తీసుకువెళ్లాము. ప్రశ్నాపత్రము ఇంగ్లీషులో ఉన్నది. పోటీ అయ్యాక పిల్ల బయటికి వచ్చి, "సార్, ప్రైమ్ నంబర్ అంటే మన ముఫ్రద్ అదదేనా?" అని అడిగింది. అవునమ్మా అన్నాము. ఇంకేమీ మాట్లాడలేదు. బస్సులో కూర్చున్నాక ఆ లెక్క నోటితోనే చేసి చెప్పేసింది. తప్పు మాదే. రెండు భాషల మాటలూ ముందే నేర్పి తీసుకువెళ్లవలసింది.

అప్పటినుండి ఈ పోటీలు ఎక్కడివి, ఏ భాషలో జరుగుతూ వచ్చినవి అని వెదకి చదవడం మొదలుపెట్టాము.

ఈ చరిత్రలో హంగరీ దేశానికి పెద్ద పీట వేయాలి. 1894లో అక్కడి గణిత, భౌతికశాస్త్రాల సంఘమువారు హైస్కూలు చదువు ముగించిన పిల్లలకు ఒక పోటీ పెట్టారు. ఎట్వోష్ అనే భౌతిక శాస్త్రవేత్త విద్యామంత్రి అయిన సందర్భమది, పోటీకి ఆయన పేరే వచ్చింది. ఇచ్చేది మూడే లెక్కలు. పుస్తకాలు వెంట తెచ్చుకోవచ్చును. అయినా పుస్తకము చూసి చేసే లెక్కలు కావవి. అదే ఏడాది డ్యోర్ పట్టణంలో దానియేల్ అరాని అనే బడిపంతులు హైస్కూలు పిల్లలకని ఒక లెక్కల మాసపత్రిక పెట్టాడు. లెక్కలు అచ్చువేయడం, పిల్లలు జవాబులు పోస్టులో పంపడం, మంచి జవాబును పిల్లవాని పేరుతో అచ్చువేయడం, ఇదీ పద్ధతి. తరువాత తరువాత బాగా చేసినవారి ఫోటోలు కూడా వేసేవారు. అంతా హంగరీ భాషలోనే. ఆ భాష మాట్లాడేవారు ఎందరని! అయినా ఆ పోటీలో నెగ్గినవారిలో 1897లో ఫేయర్, 1898లో విమానశాస్త్రములో ప్రసిద్ధుడైన కార్మాన్, 1925లో టెల్లర్ ఉన్నారు. పత్రిక పెట్టినవాడు మంత్రి కాదు, ప్రొఫెసరు కాదు, మావంటి పంతులే అన్న మాట మాకు ఎంతో నచ్చినది.

దేశాల మధ్య పోటీ 1959లో రుమేనియాలో మొదలైనది. వచ్చినవి ఏడు దేశాలు. ఇప్పుడు వందకు పైగా వస్తున్నవి. మన దేశంలో జాతీయ గణిత ఒలింపియాడ్ 1986లో మొదలుకాగా, అంతర్జాతీయ పోటీకి మన జట్టు మొదటిసారి 1989లో పశ్చిమ జర్మనీకి వెళ్లింది. 1996లో పోటీ బొంబాయిలోనే జరిగింది. రెండు రోజులు, రోజుకు మూడు లెక్కలు, నాలుగున్నర గంటలు. లెక్కకు 7 చొప్పున మొత్తం 42 మార్కులు.

ఇక మేము చెప్పదలచిన ముఖ్య విషయము. జట్టు నాయకులు పిల్లలకంటే ముందే చేరుకొని, లెక్కలను ఎంచి, ఎవరి భాషలోకి వారు తర్జుమా చేస్తారు. ఆ తర్జుమాలను మిగతావారు కూడా చూడవచ్చును. అంతవరకు వారు తమ పిల్లలను కలవరాదు. పిల్ల తన భాషలో ప్రశ్న చదివి, తన భాషలోనే జవాబు వ్రాస్తుంది. మార్కులు వేసేవారికి ఆ భాష రాకపోతే నాయకుడు ప్రక్కన కూర్చుని వివరిస్తాడు. పరీక్ష లెక్కకే, ఇంగ్లీషుకు కాదు.

ఇరాన్ దేశపు మర్యం మీర్జాఖానీ ఇలా వచ్చిన పిల్లే. ఆరేడు తరగతుల వయసులో లెక్కలలో వెనుకబడిందట. నీకు ఇందులో అంత తెలివి లేదన్నట్లు ఒక టీచరు భావించారట, పిల్ల ధైర్యము పోయింది. (మనలో ఎందరు పంతుళ్లము ఎందరు పిల్లలకు ఇలా చేసియుంటామో!) తరువాత స్నేహితురాలితో కలిసి ప్రిన్సిపాలుగారి దగ్గరకు వెళ్లి, మగపిల్లల బడిలో ఉన్న లెక్కల క్లాసులు మాకూ పెట్టమని అడిగారు. ఆమె పెట్టించారు. 1994లో హాంకాంగులో 41 మార్కులు, 1995లో టొరంటోలో 42కు 42. రెండుసార్లూ బంగారు పతకము. 2014లో ఫీల్డ్స్ పతకము అందుకున్న మొదటి స్త్రీ ఆమే. 2017లో నలభై ఏళ్లకే పోయారు.

ఇదంతా విదేశాల మాట అనుకోనక్కరలేదు. హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా పెట్టి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము తెరచి, గణితము, రసాయనము, వైద్యము, ఇంజనీరింగు ఉర్దూలో చెప్పారు. 1948 తరువాత అక్కడ ఇంగ్లీషు వచ్చింది. ఇంగ్లీషు వద్దని మేమనడము లేదు, పిల్లలకు అదీ కావాలి. అది వచ్చేదాకా లెక్క ఆగిపోకూడదనే మా బాధ.

1959 పోటీలోని మొదటి లెక్కను మా బోర్డుమీద ఉర్దూలో వ్రాసి, ప్రక్కన ఇంగ్లీషులో, క్రింద తెలుగులో వ్రాశాము. న ఏ సహజ సంఖ్య అయినా, పైన 21న+4, క్రింద 14న+3 ఉన్న భిన్నము ఇంకా చిన్నది చేయడానికి వీలుకాదని నిరూపించాలి. రెండురోజులకు వెనుక బెంచీ పిల్లవాడొకడు కాగితము తెచ్చాడు. క్రిందిదాన్ని మూడింతలు చేస్తే 42న+9, పైదాన్ని రెండింతలు చేస్తే 42న+8, తేడా 1. రెండింటినీ భాగించేది ఏదైనా ఆ 1ని కూడా భాగించాలి కదా. మాటలు కుడినుండి ఎడమకు, సమీకరణాలు ఎడమనుండి కుడికి వ్రాసుకొని, చివర మన గ.సా.భా.కు ఉర్దూ మాట పెట్టి గీత గీశాడు: ఆద్-ఎ-ఆజమ్ 1.